ఐదో కిలోమీటరు దగ్గర ఎర్ర కప్పు

గోలో నిపు,
మంగళవారం

వాయే లంగ్ విమానాశ్రయంలో వాతావరణం చూసే ఆఫీసు వారికి,

ఇక్కడ మేము క్షేమం. మీరు కూడా క్షేమంగా ఉండాలి, ఎందుకంటే మీతో నాకు చాలా పని ఉంది.

నా పేరు టెక్లా నురుత్. గోలో నిపు కొండ మీద కాఫీ తోట ఉన్న ముసలిదాన్ని. ఈ ఉదయం కుపాంగ్ విమానం మా ఊరి మీద రెండు చుట్లు తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. పోయిన గురువారం కూడా ఇదే వరస. నేను పైలట్‌ని తిట్టుకున్నాను. తీరా మా బెమో నడిపే స్టానిస్ ఖాళీ బండితో తిరిగొచ్చి అసలు సంగతి చెప్పాడు. పైలట్ తప్పేమీ లేదట. మీ ఆఫీసులో ఒకాయన మేడెక్కి నాలుగు వైపులా చూసి, దూరం సరిగా కనబడటం లేదని రేడియోలో చెప్పాడట. ఆ మాటకే విమానం వెనక్కి తిరిగిందట.

కనబడకపోవడమేమిటి బాబూ? మా పెరట్లో కాఫీ గింజలు ఎండలో ఆరుతున్నాయి. కోళ్లు ఎండకి తాళలేక నోళ్లు తెరుచుకుని అరుగు కింద కూర్చున్నాయి.

ఆ విమానంలో మా అక్క ఉంది. సిస్టర్ క్లారా. పిల్లప్పుడే మఠంలో చేరి జావా వెళ్లిపోయింది, మళ్లీ ఈ కొండ ఎక్కలేదు. ఇప్పుడు ఆమె చూపు తగ్గిపోతోంది. సురబాయాలో ఆపరేషన్ చేస్తారట. ఆ తర్వాత చూపు ఉంటుందో పోతుందో చెప్పలేమని డాక్టర్ అన్నాడట. ఉన్న చూపుతో ఒక్కసారి పుట్టిన ఊరు చూసుకుంటానని బయలుదేరింది. రోడ్డున రావాలంటే రెండు రోజుల మలుపులు, ఆమె నడుము ఒప్పుకోదు. ఇప్పుడు కుపాంగ్ మఠంలో కూర్చుని ఉంది. ఈ నెల చివరి గురువారం ఇంకొక్కసారి విమానం ఎక్కుతుంది. అదీ దిగకపోతే నేరుగా ఓడెక్కి ఆపరేషన్‌కి వెళ్లిపోతుంది.

కాబట్టి ఆ గురువారం మీరు కాస్త శ్రద్ధగా చూడాలి.

ఇట్లు,
కోపంగా ఉన్నా మర్యాద మరచిపోని
టెక్లా నురుత్

తా.క.: విమానం తిరుగుతున్నప్పుడు నేను పెరట్లో నిలబడి చెయ్యి ఊపాను. మీ ఆఫీసులో ఎవరికైనా కళ్లజోడు మార్చాలేమో విచారించండి.

* * *

వాయే లంగ్ విమానాశ్రయం,
బుధవారం

శ్రీమతి టెక్లా నురుత్ గారి సముఖానికి,

మీ ఉత్తరం అందింది. మేడెక్కి చూసే ఆ ఒకాయన్ని నేనే. పేరు సుగెంగ్ రహార్జో. మీ అక్కగారి సంగతి చదివి బాధపడ్డాను. అయినా నా పని ఎలాంటిదో మీకు చెప్పుకోవాలి.

మా విమానాశ్రయంలో చూపు దూరం కొలిచే యంత్రాలు లేవు. ఉన్న యంత్రం నేనే. గంటగంటకీ మేడెక్కి, దూరం ముందే కొలిచి పెట్టుకున్న గుర్తుల్ని చూస్తాను. గోడౌన్ ఒక కిలోమీటరు. చర్చి శిఖరం రెండు. బడి తెల్ల గోడ నాలుగు. గోలో నిపు కొండ అంచున ఉన్న ఎర్ర కప్పు ఇల్లు ఐదు. ఆ వెనక పెద్ద కొండ పదకొండు, కాని అది వారంలో ఆరు రోజులు మబ్బు కప్పుకునే ఉంటుంది. ఏ గుర్తు వరకు కనబడితే అంత దూరమని పైలట్‌కి చెబుతాను. ఇక్కడ విమానాన్ని దింపడానికి పైలట్‌కి తన కళ్లే ఆధారం కాబట్టి, ఐదు కిలోమీటర్లకి తగ్గితే దిగకూడదని నియమం. దిగాలో వద్దో నేను నిర్ణయించను. కనబడింది చెబుతాను, అంతే.

ఆ రెండు రోజులూ బడి గోడ కనబడింది. ఎర్ర కప్పు కనబడలేదు. అందుకని నాలుగు అని చెప్పాను. మీ కొండ మీద ఎండ ఉన్నా కింద లోయలో పొగమంచు ఉంటుంది. పై నుంచి చూసేవారికి అది తెలియదు.

భవదీయుడు,
సుగెంగ్ రహార్జో,
వాతావరణ పరిశీలకుడు

తా.క.: కళ్లజోడు గురించి. పోయిన నెలే కళ్లు పరీక్ష చేయించుకున్నాను. చూపు చక్కగా ఉందని డాక్టర్ ఇచ్చిన కాగితం జత చేశాను. చూసి వెనక్కి పంపగలరు.

* * *

గోలో నిపు,
శుక్రవారం

నానా సుగెంగ్‌కి,

మా కొండల్లో కొడుకు వయసు వాళ్లందరినీ నానా అనే పిలుస్తాం, కోపంలో ఉన్నా సరే. నువ్వు కూడా నన్ను ఆ శ్రీమతి గారు మానేసి ఓమా అను. ఇక్కడ అవ్వలందరూ ఓమాలే.

కొండ అంచున ఎర్ర కప్పు ఇల్లని రాశావు చూడు, అది నా ఇల్లు. నీ ఉత్తరం చేతికి వచ్చినప్పటి నుంచి నాకు తిన్నది ఒంటబట్టడం లేదు. అంటే నువ్వు పొద్దుట నుంచి సాయంత్రం దాకా గంటగంటకీ నా ఇంటి వైపు చూస్తున్నావన్నమాట. ఆ మాట ముందే చెప్పొద్దూ? నేను పెరట్లో పాత సరోంగు కట్టుకుని, జుట్టు విరబోసుకుని తిరుగుతుంటాను. మా ఆయన బతికున్న రోజుల్లో కూడా ఇన్నిసార్లు నా వైపు చూసి ఎరగడు.

ఊళ్లో ఈ సంగతి పొక్కింది. చదివి పెట్టమని ఇవ్వకపోయినా, నీ ఉత్తరం తెచ్చిన స్టానిస్ దాన్ని ఊరందరికీ చదివి పెట్టాడు. టెక్లాని ప్రభుత్వం చూస్తోందట అని ఆడవాళ్లు బావి దగ్గర చెప్పుకుంటున్నారు. పక్కింటి ఫెర్డినాండుస్ మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. ఈ ఊరి చర్చి కమిటీకి ఆయనే పెద్ద, ప్రభుత్వం చూస్తే తననే చూడాలి కదా అని ఆయన బాధ. నేను మాత్రం రోజూ మంచి సొంగ్కె బట్ట కట్టుకుని, తల దువ్వుకుని కాఫీ ఎండబోస్తున్నాను.

అయితే ఒక్క మాట నాకు నచ్చలేదు. కనబడలేదని ఎలా చెబుతావు? ఆ రెండు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు. సరే, జరిగిందేదో జరిగింది. వచ్చే మంగళవారం విమానం వేళకి నీకు బాగా కనబడేలా నేనే ఒక ఏర్పాటు చేస్తాను. నువ్వు మేడ మీద నిలబడు చాలు.

ఇట్లు,
ఓమా టెక్లా

తా.క.: నాలుగు అన్నావు, వాళ్లకి ఐదు కావాలంటున్నారు. మధ్యలో నాలుగున్నరకి ఒప్పుకోరా? సంతలో ఎవరైనా అంతకంటే ఎక్కువే తగ్గుతారు. నీ కళ్ల కాగితం స్టానిస్ ఇంకా ఊళ్లో అందరికీ చూపిస్తున్నాడు, తర్వాత పంపిస్తాను.

* * *

వాయే లంగ్ విమానాశ్రయం,
మంగళవారం

గౌరవనీయులైన ఓమా గారికి,

ఈ ఉదయం మీరు చేసిన ఏర్పాటు కనబడింది. నాకే కాదు, పట్టణమంతా చూసింది. తడి కాఫీ తొక్క కుప్పపోసి అంటించారని స్టానిస్ చెప్పాడు. ఆ పొగ కొండ దిగి లోయలోకి వచ్చి, గాలి లేక అక్కడే కూర్చుంది. ముందు బడి గోడ పోయింది, తర్వాత చర్చి శిఖరం పోయింది. నేను ఒక్క కిలోమీటరు అని చెప్పాల్సి వచ్చింది. విమానం వెళ్లిపోయింది. అందులో జిల్లా వాలీబాల్ జట్టు ఉంది. స్వాగతం చెప్పడానికి బ్యాండు వాళ్లు వచ్చి ఉన్నారు. వచ్చిన శ్రమ వృథా కాకుండా వాళ్లు నా మేడ కింద నిలబడి రెండు పాటలు వాయించి వెళ్లారు.

మా పెద్దసారు నన్ను పిలిచి, కొండ మీద ఎవరితోనో నీకు సంకేతాలు నడుస్తున్నాయట, నిజమేనా అని అడిగారు. మీ వయసు చెప్పాక కొంత శాంతించారు.

ఓమా, దయచేసి అర్థం చేసుకోండి. నేను మిమ్మల్ని చూడటం లేదు. ఐదు కిలోమీటర్ల దూరం నుంచి మనిషి కనబడడు. మీ ఇంటి కప్పు కూడా నాకు బియ్యపు గింజంత ఎర్రగా కనబడుతుంది. ఆ గింజ కనబడిందా లేదా అన్నదే నా లెక్క. మీరు పాత సరోంగు నిశ్చింతగా కట్టుకోవచ్చు.

ఒక సందేహం మాత్రం నన్ను తొలుస్తోంది. ఈ మధ్య కొన్ని వారాలుగా గాలి తేటగా ఉన్న పూటల్లో కూడా ఆ ఎర్ర గింజ దొరకడం లేదు. మీ కప్పుకి ఏమైనా అయిందా?

మీ విధేయుడు,
సుగెంగ్

తా.క.: బేరం కుదరదు. కనబడనిది కనబడిందని చెబితే, అది నమ్మి కిందికి వచ్చే విమానంలో మీ అక్కగారే ఉంటారు.

* * *

గోలో నిపు,
గురువారం

నానా,

నీ తాజాకలం చదివాను. ఇక బేరం ఎత్తను. మంట కూడా పెట్టను. వాలీబాల్ పిల్లలకి నా తరఫున క్షమాపణ చెప్పు. మంట ఆలోచన నాదే అయినా తడి తొక్క వేయమన్నది ఫెర్డినాండుస్, ఆ సంగతి కూడా చెప్పు.

ఇప్పుడు నువ్వడిగిన దానికి జవాబు. నా కప్పు ఇప్పుడు ఎర్రగా లేదు. అక్క బయలుదేరే ముందు ఆకుపచ్చ రంగు వేయించాను.

ఎందుకో చెబుతాను విను. అక్క తన ఉత్తరాలు మఠంలో ఒక చిన్న వయసు సిస్టర్ చేత రాయిస్తుంది. ఎరుపూ గోధుమా తనకి మట్టిలో కలిసిపోతున్నాయని, ముదురు ఆకుపచ్చ ఒక్కటే ఇంకా తేటగా తెలుస్తోందని ఒకసారి రాయించింది. ఆ ఉత్తరం చదివిన రోజే స్టానిస్‌ని పట్నం పంపి రంగు డబ్బాలు తెప్పించాను. వచ్చేది ఇల్లు చూసుకోవడానికి, వచ్చాక ఇల్లే కనబడకపోతే ఎలాగ అనుకున్నాను. ఇప్పుడేమో ఆమెకి కనబడాలని వేసిన రంగే నీకు కనబడకుండా పోయి, ఆమెను రెండుసార్లు వెనక్కి పంపింది. నా చేతులతో నేనే పంపాను. రాత్రి పడుకుంటే ఇదే గుర్తుకొస్తోంది.

మళ్లీ ఎరుపు వేయమని నువ్వు అడుగుతావు. వేస్తే విమానం దిగుతుంది, ఆమెకి ఇల్లు కనబడదు. వేయకపోతే ఇల్లు కనబడుతుంది, చూడటానికి ఆమె రాదు. నాకేమీ తోచడం లేదు. నువ్వు చదువుకున్నవాడివి, ఏదైనా చెప్పు.

ఇట్లు,
ఓమా టెక్లా

తా.క.: నా కప్పు పనికిరాదని తెలియగానే ఫెర్డినాండుస్ వచ్చి, ఐదో కిలోమీటరు పదవి తనకి ఇప్పించమన్నాడు. నీ ఇల్లు తాటాకు కదా అంటే, మా పందుల కొట్టానికి ఎర్ర రేకులున్నాయి, కొండ అంచుకి నీకంటే ముందే ఉంది అన్నాడు. దాని ముందు వెదురు ఈ ఏడు వానలకి తెగ పెరిగి పందులకే ఎండ తగలడం లేదు, నీ చూపెలా తగులుతుంది? ఆ వెదురు నరకవయ్యా అంటే ప్రాణం పోయినంత పని చేస్తాడు.

ఇంకో తా.క.: నీకు నా ఇల్లు కనబడుతుందంటావు గాని, నా పెరట్లోంచి నాకు మీ విమానాశ్రయం ఏనాడూ కనబడలేదు. అవకాడో చెట్లు అడ్డం. ప్రభుత్వం వాళ్ల చూపు మంచిది కాబోలు.

* * *

వాయే లంగ్,
శనివారం

ఓమాకి,

ఇంతకాలం గారు అని రాసిన అలవాటు, మానుకోమన్నారు కాబట్టి మానుకున్నాను.

మీ ఉత్తరం నన్ను కూడా పడుకోనివ్వలేదు. గుర్తు రంగు మారింది, కొత్త గుర్తు పెట్టుకోవచ్చా అని కుపాంగ్ పెద్ద ఆఫీసుకి తంతి కొట్టాను. జవాబు వచ్చింది. గుర్తులు మారరాదట. కొత్తది కావాలంటే నాలుగు నకళ్లతో దరఖాస్తు పెట్టాలట, వానలు వెళ్లాక సర్వేయరు వస్తాడట. చివర ఒక మాట చేర్చారు: ఇల్లు కదిలినచో వెంటనే తెలియజేయవలెను.

అందుకని నాకు తోచింది చెబుతాను. రంగు మార్చవద్దు. గురువారం తెల్లవారగానే కప్పు మీద ఎర్రని గుడ్డలు గాని టార్పాలిన్లు గాని పరచమనండి. విమానం దిగేదాకా ఉంచి, అక్కగారు బెమోలో కొండ ఎక్కేలోపు తీసేయండి. నాకు ఎరుపు, ఆమెకి ఆకుపచ్చ. ఇది నియమానికి విరుద్ధమేమో అని పుస్తకమంతా వెతికాను. ఇళ్లకి బట్టలు కట్టకూడదని ఎక్కడా లేదు.

ఒక సంగతి చెప్పాలి, నవ్వుకోకండి. నేను సోలో పట్టణం నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చినప్పుడు నాకెవరూ తెలియదు. తెల్లవారుజామున చలికి వణుకుతూ మేడెక్కి చూస్తే, మీ ఎర్ర కప్పు పక్క నుంచి సన్నటి పొగ లేస్తూ కనబడేది. ఎవరో తల్లి లేచి కాఫీ పెట్టుకుంటోందనుకునేవాణ్ణి. అది చూశాక ఆ రోజుకి నాకు ధైర్యం వచ్చేది. ఆ కాఫీ ఎవరిదో మూడేళ్లకి తెలిసింది. అందుకే ఈ కొద్ది వారాలూ ఆ కప్పు కనబడకపోతే సొంత మనిషి ఊళ్లో లేనట్టుగా ఉంది.

మీ
సుగెంగ్

తా.క.: గుడ్డలు పరిచినా, గురువారం నిజంగా పొగమంచు ఉంటే నేను నిజమే చెబుతాను. అప్పుడు నన్ను తిట్టుకోండి, ఉత్తరాలు మాత్రం ఆపకండి.

* * *

గోలో నిపు,
బుధవారం

నానా సుగెంగ్,

నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. ఆ పొగ మాట చదివినప్పటి నుంచి పొద్దున్నే ఇంకాస్త ముందే లేచి కాఫీ పెడుతున్నాను, నీకు ఆలస్యం కాకూడదని. తిట్టనులే. దేవుడు మంచు వేస్తే దేవుణ్ణే అడుగుతాను.

నీ ఆలోచనకి ఊరంతా కదిలింది. పెళ్లిళ్ల పందిరి టార్పాలిన్ ఒకటి, రెండు ఎర్ర రగ్గులు, చర్చి నడవలో పరిచే తివాచీ, స్టానిస్ బెమో సీటు గుడ్డలు, ఇంకా ఎవరిదో పెళ్లి లంగా. అన్నీ కప్పు మీదికి ఎక్కించి తాళ్లతో కట్టాం. దూరం నుంచి చూస్తే సంత దిగినట్టుంది.

ఇంకో వింత. వంతెన దగ్గర అక్కకి స్వాగత ద్వారం కట్టాలని కుర్రాళ్లు వెదురు అడిగితే, ఫెర్డినాండుస్ మొదట కుదరదన్నాడు. విమానం దగ్గర, మా ఆచారం ప్రకారం, అక్క చేతికి తెల్ల కోడిపుంజు అందించే గౌరవం నీకే ఇస్తామని చెప్పాను. అంతే, కత్తి తెచ్చి తానే నరికాడు. సాయంత్రానికి ఒక్క బొంగు మిగల్లేదు. పందులు ఎండ చూసి బెదిరి మూల చేరాయి.

నేను విమానాశ్రయానికి రావడం లేదు. గాలి వస్తే గుడ్డలు పట్టుకోవడానికి ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా. అక్కని మొదట చూసేది నువ్వే. జాగ్రత్తగా చూడు.

ఇట్లు,
నీ ఓమా

తా.క.: స్టానిస్ చేతికి నువ్వుల కొంపియాంగ్ రొట్టెలూ వేయించిన కోడీ ఇచ్చాను. విందుకి పందిని కోస్తున్నాం గాని నువ్వు తినవని తెలుసు, అందుకని కోడి వేరే పాత్రలో వండాను.

* * *

వాయే లంగ్,
గురువారం సాయంత్రం

ప్రియమైన ఓమాకి,

ఈపాటికి అక్కగారు మీ పక్కనే కూర్చుని ఉంటారు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

పొద్దున్న మేడెక్కేసరికి లోయలో పలుచగా మంచు. గోడౌన్ కనబడింది. చర్చి కనబడింది. బడి గోడ పాలిపోయినట్టు కనబడింది. కొండ అంచు వైపు తిరగడానికి భయం వేసింది. కాసేపు గాలి ఎటు వీస్తోందో చూపే మా గుడ్డ సంచీనే చూస్తూ నిలబడ్డాను. తర్వాత తిరిగాను. ఉంది. బియ్యపు గింజంత, ఎర్రగా, అంచులు తేటగా, పాత రోజుల్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే. నమ్మకం కుదరక కళ్లు మూసుకుని తెరిచాను, పెద్దసారుని కూడా పిలిచి చూపించాను. ఆయన చూసి తల ఊపాక రేడియోలో ఐదు అని చెప్పాను. 

విమానం మీ కొండ మీంచి వచ్చి తిన్నగా దిగింది. మెట్ల మీద తెల్ల దుస్తుల్లో ఒక పెద్దావిడ కనబడ్డారు. కిందికి దిగి, వంగి, మట్టిని చేత్తో తాకారు. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఆమె చేతుల్లో తెల్ల పుంజుని పెట్టారు. అది రెక్కలు కొట్టి పైలట్ టోపీ ఎగరగొట్టింది. నాకు డ్యూటీ ఉండటంతో మేడ దిగలేకపోయాను. దిగి ఉంటే బాగుండేది. చాలా సంతోషంగా ఉంది ఓమా.

మీరు కట్టిన గుడ్డలు చాలా గట్టిగా నిలిచాయి. ఊరందరికీ నా కృతజ్ఞతలు చెప్పండి.

మీ
సుగెంగ్

తా.క.: తెల్లవారుజామున కాఫీ పొగ కూడా కనబడింది. కోడి అమృతంలా ఉంది. పెద్దసారు సగం తిన్నారు, సంకేతాల సంగతి ఇక ఎత్తరు.

* * *

గోలో నిపు,
శనివారం

నా నానా సుగెంగ్‌కి,

కూర్చుని చదువు. నిలబడి చదవాల్సిన ఉత్తరం కాదు.

గురువారం తెల్లవారకముందే కొండ మీద గాలి లేచింది. ముందు పెళ్లి లంగా ఎగిరింది, దాని వెనక రగ్గులు, ఆ పైన టార్పాలిన్ తాళ్లు తెంపుకుని కాఫీ తోటలో పడింది. తివాచీ మాత్రం ఇంకా దొరకలేదు. సూర్యుడు పైకి వచ్చేసరికి నా కప్పు మీద ఎర్రపోగు ఒక్కటి కూడా లేదు. ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. నేను నిచ్చెన మొదట్లో కూలబడ్డాను. విమానం చప్పుడు వినబడితే చెవులు మూసుకున్నాను, తిరిగి వెళ్లే చప్పుడు వినలేక. అది తిరగలేదు.

ఏదో అద్భుతం జరిగిందనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఎర్ర కప్పు అచ్చం పాత రోజుల్లోలాగే ఉందని రాశావు. అక్కకీ ఫెర్డినాండుస్‌కీ చదివి వినిపించాను.  అక్క చిన్నప్పటి నుంచీ నాకంటే తెలివైంది. నీ పెరట్లోంచి ఆ విమానాశ్రయం కనబడుతుందా అని అడిగింది. కనబడదన్నాను. అయితే ఆ అబ్బాయికి నువ్వెలా కనబడతావు టెక్లా అంది.

ఫెర్డినాండుస్ మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆ మనిషి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అక్క చెయ్యి పట్టుకుని కొండ అంచుకి వెళ్లాం. వెదురు నరికేసిన మొదళ్ల మీంచి చూస్తే మీ విమానాశ్రయం పళ్లెంలో పెట్టినట్టుంది. చీమంత కట్టడం ఒకటి కనబడింది, నీ మేడ అదే కాబోలు. దాని మీద నువ్వు నిలబడే ఉంటావు.

అవును నానా. నీ ఐదో కిలోమీటరు నా ఇల్లు కాదు, ఫెర్డినాండుస్ పందుల కొట్టం. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. వెదురు అడ్డం పెరిగితే పోయింది, నరికితే వచ్చింది. రోజూ పొద్దున్నే నీకు ధైర్యమిచ్చిన పొగ నా కాఫీది కాదు. పందులకి చిలగడదుంప తీగ ఉడకబెట్టే పొయ్యిది. పంది తినని మనిషివి, మూడేళ్లుగా పొద్దున లేస్తూనే వాటి ఇంటినే చూస్తున్నావు.

అక్కని రెండుసార్లు వెనక్కి పంపింది వెదురని నువ్వు కుమిలిపోతావని నాకు తెలుసు. కుమలకు. నీకు కనబడలేదు, కనబడలేదని చెప్పావు. నాకైతే పెద్ద బరువు దిగింది. నా రంగు ఏ పాపం చేయలేదు. ఆ మాట తెలిశాక కొట్టం గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చాను. పందులు ఏమనుకున్నాయో.

ఇక అసలు సంగతి. నీ పద్ధతిలోనే అక్క చూపు దూరం కొలిచాను. బల్ల మీద కాఫీ కెటిల్: కనబడింది. మెట్ల దగ్గర తెల్ల పుంజు: కనబడింది. గేటు దగ్గర ఫెర్డినాండుస్: ఏదో ఉన్నట్టుంది అంది, కనబడకపోయినా నష్టం లేదని చెప్పాను. కాని గురువారం బెమో వంతెన దాటి మలుపు తిరిగినప్పుడు ఏం జరిగిందో స్టానిస్ చెప్పాడు. అక్క వాడి భుజం పట్టుకుని బండి ఆపించి, చెయ్యి చాపి, "అదిగో, ఆ పచ్చగా ఉన్నది మా ఇల్లు" అందట. ఎవరూ చూపించలేదు. తనే చూసింది.

వంతెన మలుపు నుంచి మా ఇంటికి ఎంత దూరమో నాకు తెలియదు, నీ మ్యాపులో ఉంటుంది. ఎంతైతే అంత, సిస్టర్ క్లారా పేరు మీద నీ పుస్తకంలో రాసి పెట్టు. నిజంగా కనబడిందే చెబుతున్నాను, ఒక్క అడుగు కూడా కలపలేదు.

ఆదివారం నీకు డ్యూటీ లేదని స్టానిస్ అన్నాడు. కొండ ఎక్కి రా. అక్క నిన్ను చూస్తానంటోంది. ఆమెకి కనబడాలంటే కెటిల్ అంత దగ్గరగా కూర్చోవాలి.

ఇట్లు,
నీకు ఏనాడూ కనబడని
ఓమా టెక్లా

తా.క.: పందుల కొట్టం మీద ప్రభుత్వ గుర్తు అని బోర్డు పెట్టడానికి ఫెర్డినాండుస్ పలక చెక్కుతున్నాడు. పెట్టుకోనీ. కాని అక్క నా కప్పుని మెచ్చుకోవడం విన్నప్పటి నుంచి కొట్టానికి కూడా ఆకుపచ్చ వేస్తానంటున్నాడు. మిగిలిన రంగు డబ్బా నా మంచం కింద దాచాను. ఆదివారం వచ్చేటప్పుడు ఆ కప్పు రంగు మార్చరాదని ఆఫీసు కాగితం మీద రాసి, కనబడిన ముద్రలన్నీ కొట్టి పట్టుకురా.